గంటమ్మ మౌనం, పిచ్చుక బావ గొంతు

పూల మార్కెట్లో కాటా పట్టే ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గాని, ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆయన పిచ్చుక బావ. బావ ఎందుకంటే, ఆయన భార్యను మార్కెట్ మొత్తం అక్కా అంటుంది. అక్క మొగుడు బావ కాక బాబాయి అవుతాడా? పిచ్చుక ఎందుకంటే, నోరు తెరిస్తే వచ్చేది ఆ గొంతే. మనిషి చూస్తే గుమ్మానికి తల తగిలేటంత పొడుగు. చేతులు రోకళ్ళు. మీసం నిండుగా ఉంటుంది. ఆ మీసం కింద నుంచి "బుట్ట ఇటు పెట్టండమ్మా" అని పదేళ్ళ పిల్లవాడి గొంతు వచ్చేసరికి, కొత్తగా వచ్చిన రైతులు ఆయన వెనక ఎవరున్నారా అని తొంగి చూసేవారు.

ఫోన్లో అయితే మరీను. గ్యాస్ కంపెనీ అమ్మాయి "మేడమ్, ఇంట్లో మగవాళ్ళుంటే ఒకసారి ఇవ్వండి" అనేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "ఉండమ్మా, ఇస్తాను" అని ఫోను భార్యకు అందించేవాడు. ఆమె "హలో" అనగానే అవతల నుంచి "నమస్కారం సార్" వినిపించేది.

ఆమెను గంటమ్మ అంటారు. వేలం పీట ఆమెది. రేకుల షెడ్డుకు ఒక పక్క లారీలు, ఒక పక్క తోపుడు బండ్లు, నడుమ హమాలీల కేకలు. వాటన్నిటి మీదుగా ఆమె చెప్పే ధర ఐసు గదిలో తలుపేసుకున్నవాడికి కూడా వినపడేది. సంఘం వాళ్ళు ఒకసారి ముచ్చటపడి మైకు పెట్టించారు. రేకులకు తగిలి ప్రతి ధరా రెండుసార్లు మోగింది. ఒకే బుట్ట ఇద్దరికి ఖాయమై ఆ ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. మైకును గోనెలో కట్టి అటకెక్కించారు. ఆమె మొగుణ్ణి పిలిచినా ఆ గొంతే, పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకున్నా ఆ గొంతే.

"ఆయనకు వినపడుతుందిలేవే, కాస్త మెల్లగా" అనేవాడు పిచ్చుక బావ.

"అందరూ గొణిగేవాళ్ళేనండీ. పాపం ఆయనకు మాత్రం ఎన్నని అర్థమవుతాయి?" అనేది ఆమె.

వాళ్ళ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి, "ఇద్దరికీ కలిపి రెండు గొంతులు లెక్కకు సరిపోయాయి, పంపకంలో కాస్త అటూ ఇటూ అయింది, అంతే" అన్నాడట. ఆ మాట తప్పు కాలేదు. ఇరవయ్యారేళ్ళు ఆమె మాట్లాడింది, ఆయన విన్నాడు. వినడం కూడా చిన్న పనేమీ కాదు.

ఆ మార్కెట్లో ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటుంది. వేలంలో ఎక్కడైనా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటారు. ఇక్కడ ఒకటోసారి, రెండోసారి, ఖళ్. మొట్టమొదట పీటెక్కిన ముసలాయనకు పూల పుప్పొడి పడేది కాదు. మూడోసారి అనబోయేసరికి గొంతులో గరగరమనేది. ఖళ్ మని సవరించుకునేవాడు, ఈ లోపల పాట ఖాయమైపోయేది. ఆయన పోయాక గంటమ్మ పీటెక్కి, మొదటి రోజు శుభ్రంగా "మూడోసారి" అంది. ఒక్కడూ కదల్లేదు. "ఖళ్ అనలేదు కదక్కా, ఖాయం ఎలా అవుతుంది?" అన్నారు. ఆమె లేని దగ్గు తెచ్చుకుని ఖళ్ మంది. అప్పుడు గాని బుట్ట కదల్లేదు. ఆనాటి నుంచి బుట్టకొక ఖళ్. ఆ షెడ్డులో ఇంకెవరూ దగ్గకూడదు. జలుబు చేసినవాళ్ళు రోడ్డు మీద నిలబడి లోపలికి తొంగి చూస్తారు.

ఏడాదిగా గంటమ్మ గొంతు బొంగురు పోతోంది. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నానికి చిరిగిన డోలు. మార్కెట్ మొత్తం వైద్యానికి దిగింది. ఒకడు వేడినీళ్ళన్నాడు, ఒకడు తేనె అన్నాడు. హమాలీ మేస్త్రి ఎక్కడి నుంచో ఒక ఘాటు పొడి తెచ్చి, "అక్కా, దీంతో గొంతు విచ్చుకోకపోతే నా మీసం తీసేస్తా" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మర్నాడు ఆమె పీట మీద కూర్చుని నోరు తెరిస్తే వట్టి గాలి వచ్చింది. మేస్త్రి ఎవరూ అడగకుండానే మంగలి షాపుకు వెళ్ళి మీసం తీయించుకుని వచ్చాడు.

ఆ గాలితోనే, గుసగుసగా, ఆమె రోజాల ధర చెప్పింది. ఎదురుగా ఉన్న వ్యాపారి కూడా గుసగుసగానే పై ధర పలికాడు. ఎందుకలా చేశావంటే ఏమో అన్నాడు. గుసగుసకు గుసగుసే బదులు వస్తుంది, మనిషి స్వభావం అది. ఒక గంటకు షెడ్డంతా గుసగుసలే. హమాలీలు "తప్పుకోండి, తప్పుకోండి" అని గుసగుసలాడుతూ ఒకళ్ళనొకళ్ళు బుట్టలతో గుద్దుకున్నారు. లారీ డ్రైవరు క్లీనరును గుసగుసగా తిట్టాడు. టీ అమ్మే ఆయన ప్రతి చెవి దగ్గరకూ వంగి "టీ" అని చెప్పి పోయాడు. పెళ్ళి మండపానికి పూలు కొనడానికొచ్చిన పరాయి మనిషి ఒకడు ఇదంతా చూసి, చెప్పులు విప్పి తల దించుకుని నిలబడ్డాడు.

"పోయినవాళ్ళు ఎవరండీ?" అన్నాడు మెల్లగా.

"మా అక్క గొంతు" అన్నాడు మేస్త్రి, ఇంకా మెల్లగా.

పిచ్చుక బావ ఇక ఆగలేదు. కాటా మీద గోనె కప్పి, భార్యను గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మెత్తగా మాట్లాడుతుంది. బొంగురు మొదలై ఎన్నాళ్ళయిందని అడిగి, ఏడాదని వినగానే పెన్ను కింద పెట్టింది.

"మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే ఎవరైనా సరే చూపించుకోవాలండీ. చాలాసార్లు చిన్న విషయమే అవుతుంది. కాని పెద్ద జబ్బు కూడా మొదట్లో ఇలాగే వస్తుంది. చూడందే తెలీదు."

ఆమె గంటమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పోనిచ్చి తెర మీద చూపించింది. పిచ్చుక బావ కళ్ళార్పకుండా చూశాడు. ఇరవయ్యారేళ్ళు తనను కేకలేసిన చోటు ఇదన్నమాట. ముత్యం రంగులో రెండు పొరలు, తలుపు రెక్కల్లా. ఊపిరి పీలిస్తే విచ్చుకుంటున్నాయి, "ఈ" అంటే దగ్గరికొస్తున్నాయి. రెండింటి మీదా ఎదురెదురుగా చెరో నువ్వు గింజంత బుడిపె. వాటి మూలంగా రెక్కలు పూర్తిగా మూసుకోవడం లేదు, సందులోంచి గాలి పోతోంది.

"భయం లేదు. ఇవి చెడ్డ గడ్డలు కావు. పార పట్టేవాళ్ళ చేతులకు కాయలు కాస్తాయే, అలాంటివే. మీరేం పని చేస్తారు?"

గంటమ్మ ఊపిరి బిగబట్టి ఖళ్ మంది. అలవాటు.

డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "అది చేయకండి! గొంతు సవరించుకోవడమంటే ఆ రెండు రెక్కలకూ చెంపదెబ్బలు కొట్టడమే. రోజుకు ఎన్నిసార్లు చేస్తారు?"

"బుట్టకొకసారండీ" అన్నాడు పిచ్చుక బావ.

"ఏ బుట్ట?"

ఆయన చెప్పాడు. డాక్టరమ్మ అంతా విని, కాసేపు కిటికీ వైపు చూసి, బీరువాలోంచి ప్లాస్టిక్ గొంతు ఒకటి తీసింది. అది విడదీసి చూపించే బొమ్మ. "ఇది స్వరపేటిక. ముందున్న ఈ డాలు మగవాళ్ళకు మెడ మీద ఎత్తుగా కనిపిస్తుంది. ఈ డాలు వెనకాలే మీరు చూసిన రెక్కలు. కింది నుంచి వచ్చే ఊపిరికి అదురుతాయి, అదే గొంతు. గట్టిగా అరిస్తే గట్టిగా కొట్టుకుంటాయి. పైనున్న ఈ ఆకులాంటిది మూత..."

మూత ఊడి బల్ల కిందికి దొర్లింది. పిచ్చుక బావ ఆ పొడుగు మనిషి మోకాళ్ళ మీద పాకి దాన్ని పట్టుకొచ్చి, జాగ్రత్తగా తుడిచి, తగిలించాడు.

"తలకిందులుగా పెట్టారు. ఈ బొమ్మాయన ఇప్పుడు నీళ్ళు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "మింగేటప్పుడు ఈ పెట్టె మొత్తం పైకి లేస్తుంది, మూత పడుతుంది, రెక్కలు మూసుకుంటాయి. నోట్లో ముద్దతో మాట్లాడితే లెక్క తప్పి పొలమారుతుంది."

"ఎవరో తలుచుకుంటే పొలమారుతుందంటారే?"

"తలుచుకునేవాళ్ళను తలుచుకోనివ్వండి. మీరు మాత్రం ముద్ద మింగి మాట్లాడండి. అసలు దీని మొదటి పని మాట కాదండీ, కాపలా. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం చూడండి, అప్పుడు బిగించేవి కూడా ఈ రెక్కలే."

"అయితే మా హమాలీలు గొంతుతో ఎత్తుతున్నారన్నమాట" అని ఆశ్చర్యపోయాడు పిచ్చుక బావ. ఊపిరి, ముద్ద, మాట, బరువు. ఇన్నిటికీ ఒకే గుమ్మం పెట్టి, దానికి చిటికెన వేలి గోరంత తలుపు వేసిన ఆ పైవాడి పొదుపు తలుచుకుని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ చీటీ రాసింది. రెండు వారాలు పూర్తి మౌనం. గుసగుస కూడా వద్దు, దానికీ గొంతు బిగుస్తుంది. తర్వాత రోజూ కాసేపు ఇక్కడికొచ్చి, తన దగ్గరున్న అమ్మాయి నేర్పే స్వరసాధన. రెండు నెలలు వేలం ఊసెత్తకూడదు. ఖళ్ అన్నది జన్మలో వద్దు. "అలా చేస్తే ఈ కాయలు వాటంతటవే కరిగిపోవచ్చు. చేయకపోతే కత్తి పెట్టాల్సి వస్తుంది. తీసినా, మళ్ళీ అలాగే అరిస్తే మళ్ళీ కాస్తాయి. ఏదో ఒక రోజు పొరే మచ్చ కడుతుంది. ఆ తర్వాత ఎలాంటి గొంతు మిగులుతుందో నేను చెప్పలేను."

గంటమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమెకు ఆ గొంతే బతుకు, ఆ పీటే బతుకు.

"నేను చూసుకుంటానమ్మా" అన్నాడు పిచ్చుక బావ.

అప్పటికి గాని డాక్టరమ్మ ఆయన గొంతును పట్టించుకోలేదు. ఇప్పుడు తిరిగి చూసింది. మీసం చూసింది, మెడ చూసింది. "మీరిలా కూర్చోండి" అంది. బొటనవేలితో ఆయన మెడ మీది ఎత్తును మెల్లగా వెనక్కి, కిందికి నొక్కి, "ఆ... అనండి" అంది.

"ఆ..." అంది గది.

బల్ల మీది గ్లాసు సన్నగా మోగింది. పిచ్చుక బావ గభాలున వెనక్కి తిరిగి చూశాడు. గోడ తప్ప ఎవరూ లేరు. "ఎవరండీ అది?" అన్నాడు. ఆ ప్రశ్న కూడా పాతాళంలోంచే వచ్చింది. ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గంటమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"మీ పెట్టె పెద్దదేనండీ, పదిహేనేళ్ళప్పుడే పెరిగింది. మీరు మాత్రం దాన్ని పైకి లాక్కుని చిన్నప్పటి గొంతుతోనే మాట్లాడుతున్నారు. అలవాటు, అంతే. చిన్నప్పుడు ఏమైనా జరిగిందా?"

ఆయన గుర్తు తెచ్చుకుని చెప్పాడు. ఆయన్ను పెంచింది నాయనమ్మ. ఆమెకు చూపు లేదు. ఒకరోజు బడి నుంచి వచ్చి "నాయనమ్మా" అంటే గొంతు బండగా వచ్చింది. ఆమె భయపడి "ఎవరు బాబూ నువ్వు? మా వాడు ఇంకా రాలేదు" అంది. ఆయన బయటికెళ్ళి, గొంతు సన్నం చేసుకుని, మళ్ళీ వచ్చి పిలిచాడు. ఆమె ముఖం విప్పారింది. ఆమె తొంభై దాటి బతికింది. అన్నేళ్ళూ ఆ గొంతుతోనే పిలిచాడు. ఆమె పోయేనాటికి రెండింటిలో ఏది తనదో మర్చిపోయాడు.

డాక్టరమ్మ ప్లాస్టిక్ గొంతుకు మూత సరిగ్గా పెట్టుకుంటూ కూర్చుంది. ఆయన దగ్గర ఫీజు మాత్రం ఒక్కరికే తీసుకుంది.

వారం తిరిగేసరికి, నేర్పించిన సాధనతో, ఆ పాతాళం గొంతు పిచ్చుక బావలో కాపురం పెట్టేసింది. ఆ సాయంత్రం పక్క ఊళ్ళో ఉండే కూతురు ఫోన్ చేసింది.

"హలో" అన్నాడాయన.

"ఎవరండీ మీరు? మా అమ్మకివ్వండి."

"అమ్మ మాట్లాడకూడదమ్మా."

"ఎందుకు మాట్లాడకూడదు? మా అమ్మను ఏం చేశారు? మా నాన్నెక్కడ?"

"నేను మీ నాన్ననే."

"మా నాన్న గొంతు నాకు తెలీదనుకున్నావా? ఒరేయ్, అక్కడే ఉండు!"

గంటకల్లా ఆమె మొగుణ్ణి, మరిదిని, ఒక దుడ్డుకర్రను వెంటేసుకుని వచ్చేసింది. తలుపు తీసిన తండ్రి ముఖం చూసి సగం నమ్మింది, గొంతు విని ఆ సగమూ మానేసింది. చివరికి గంటమ్మ సైగ చేస్తే, ఆయన పాత గొంతు సన్నగా లాగి "అమ్మలూ, కాళ్ళు కడుక్కుని రావే" అన్నాడు. కూతురు బావురుమంది. అల్లుడు దుడ్డుకర్రను మర్యాదగా గొడుగులా పట్టుకుని, "మామయ్యగారూ, బాగున్నారా?" అన్నాడు.

గంటమ్మకు అక్షరాలు రావు. ఉన్నదల్లా మార్కెట్ వేళ్ళ భాష: వేలికొక పది, పిడికిలి అంటే సున్న. దాంతోనే సంసారం నడిచింది. "ఆకలా?" అంటే నాలుగు వేళ్ళు. "నా మీద కోపమా?" అంటే రెండు చేతులూ. ఆమె అలా ఉడుక్కుంటుంటే చూడలేక, పోట్లాటలో ఆమె వాటా కూడా ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు. "నేను పాలు పొంగబెట్టాను. అప్పుడు నువ్వు, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారండీ అంటావు. ఇక్కడే ఉన్నాయే అంటాను. ఉండి ఏం లాభం, కాటా ముల్లు తప్ప ఏదీ కనపడదు మీకు అంటావు. అది మరీ పెద్ద మాట. అయినా నువ్వంటావు." న్యాయంగా, ఒక్క తిట్టు కూడా తగ్గించకుండా చెప్పేవాడు. ప్రతిసారీ ఆమే గెలిచేది.

మార్కెట్లో మాత్రం సంగతి మరోలా ఉంది. గంటమ్మ రాని మొదటి రోజు సంఘం గుమాస్తా పీటెక్కాడు. ఒకటోసారి, రెండోసారి, ఖళ్ అన్నాడు.

"ఇది జలుబు ఖళ్. అమ్మకం ఖళ్ కాదు" అన్నాడొక వ్యాపారి.

"అవునవును, ఇందులో ఖాయం లేదు" అన్నారు మిగతావాళ్ళు. పాట సాగింది. ఒక్క రోజాల బుట్ట ధర ఎక్కుతూనే పోయింది, ఆపే హక్కున్న గొంతు లేదు. బుట్ట తెచ్చిన రైతు మధ్యాహ్నానికి కోటీశ్వరుడై, ఎండకు పూలు వడలడంతో సాయంత్రానికి బికారి అయ్యాడు. సంఘం అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. ఈలలు, కర్రలు, సైకిల్ గంట, అన్నీ ప్రయత్నించారు. వ్యాపారులు దేనికీ ఒప్పుకోలేదు.

అలాంటి సమయంలో పిచ్చుక బావ కాటా దగ్గరికొచ్చి "గోనె తీయండి" అన్నాడు. షెడ్డు మొత్తం ఆయన వైపు తిరిగింది.

"బావా, ఏం మింగావు నువ్వు?" అన్నాడు మేస్త్రి.

అధ్యక్షుడు వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టాడు. "అక్క వచ్చేదాకా పీట ఎవరికీ పోకుండా నువ్వు కాపాడు" అన్నాడు. ఆ మాటకే పిచ్చుక బావ ఒప్పుకున్నాడు. కాని ఖళ్ అనడానికి ససేమిరా అన్నాడు. "అది అంటే ఈ పీటెక్కిన ప్రతివాడికీ ఇదే గతి" అన్నాడు. సంఘం సాయంత్రం దాకా కూర్చుని తీర్మానం చేసింది: ఇకమీదట అరచేత్తో పీట మీద కొట్టవలెను, ఆ కొట్టడాన్నే ఖళ్ అందురు. అలా అన్నాక ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఆయన గొంతు రోడ్డవతల పండ్ల మార్కెట్లోకి కూడా వినపడింది. అక్కడివాళ్ళు కొందరు ఏమిటా అని వచ్చి పూలు కొనుక్కుని పోయారు. రైతులకు మంచి ధరలొచ్చాయి. మౌనం వారాలు దాటాక గంటమ్మ కూడా వచ్చి, మొగుడి స్థానంలో కాటా దగ్గర కూర్చునేది. సాధన దగ్గర తప్ప బయట మాట వద్దని డాక్టరమ్మ చెప్పింది గనక, ముల్లు చూసి వేళ్ళు చూపించడమే. మేస్త్రి రోజూ ఆమె ముందు మంచినీళ్ళ చెంబు పెట్టి, "గొంతు తడిగా ఉండాలంట అక్కా" అని చెప్పి పోయేవాడు. ఆయన మీసం కూడా కాస్త మొలిచింది.

ఒకరోజు అధ్యక్షుడు పిచ్చుక బావ భుజం తట్టి, "ఇంక ఈ పీట నీదే బావా. అక్కకు విశ్రాంతి. కాటా దగ్గరే చల్లగా కూర్చుంటుంది" అన్నాడు.

ఆయన భార్య వైపు చూశాడు. "నీకిష్టమేనా?" అన్నాడు.

ఆమె చెయ్యి ఎత్తింది. పిడికిలి. సున్న.

వెంటనే తల తిప్పుకుని కాటా ముల్లు సరిచేసుకుంది. తను కాపాడుతున్నాననుకున్న పీటను తనే లాక్కుంటున్నానని ఆయనకు అప్పుడు తెలిసింది.

రెండు నెలలకు డాక్టరమ్మ మళ్ళీ గొట్టం పెట్టి చూసింది. రెక్కలు నున్నగా, తెల్లగా, కడిగిన రేకుల్లా ఉన్నాయి. బుడిపెలు లేవు. "మాట్లాడండి" అంది.

గంటమ్మ కాసేపు మొగుడి ముఖంలోకి చూసింది. "నాకా పీట కావాలండీ" అంది.

ఆ గొంతు చిన్నది. స్పష్టంగా ఉంది, జీర లేదు, కాని గది దాటి పోదు. పిచ్చుక బావకు అది కొత్త మనిషి గొంతులా వినిపించింది.

"ఇది పోను పోను నిండుతుంది. కాని అరవడం మాత్రం ఇక మర్చిపోండి. మామూలు మాటతో ఎంత దూరం పోతే అంతే" అంది డాక్టరమ్మ.

మర్నాడు షెడ్డులో అధ్యక్షుడు ఆమె మాట విని నాలుక చప్పరించాడు. "పాపం, పక్కవాడికే వినపడటం లేదు కదమ్మా. జీతమేం తగ్గించంలే. బావా, ఎక్కు, పొద్దెక్కుతోంది."

లారీ ఇంజన్లు గుర్రుమంటున్నాయి. బండ్ల ఇనుప చక్రాలు గచ్చు మీద కీచుమంటున్నాయి. హమాలీలు కేకలేస్తున్నారు. పిచ్చుక బావ పీట దగ్గరికి నడిచాడు. ఎక్కాడు. కాని కూర్చోలేదు. ఆ పొడుగు మనిషి నిటారుగా నిలబడి, కడుపు నిండా ఊపిరి తీసుకుని, ఉన్న గొంతంతా ఒక్కసారి విప్పాడు.

"అందరూ నోళ్ళు మూయండి! మా ఆవిడ మాట్లాడుతుంది!"

రేకుల మీది పావురాలు లేచిపోయాయి. అవతల పండ్ల మార్కెట్లో కూడా మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన పీట దిగి, తుండుతో దాని మీది దుమ్ము దులిపి, పక్కకు తప్పుకున్నాడు. గంటమ్మ వచ్చి కూర్చుంది. తెల్ల లిల్లీల బుట్ట ముందుకు లాక్కుంది. మామూలుగా, ఇంట్లో చెప్పినట్టు ధర చెప్పింది.

ముందు వరసకు వినపడింది. వెనకవాళ్ళు ఒక అడుగు ముందుకేశారు. వాళ్ళ వెనకవాళ్ళు ఇంకో అడుగు. మేస్త్రి చెయ్యెత్తి బండ్లను ఆపాడు. తన తలపాగా విప్పి చించి, కీచుమంటున్న చక్రానికి చుట్టాడు. లారీ డ్రైవరు కిందికి దిగి వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ వెళ్ళి ఇంజను ఆపాడు. ఐసు గదివాడు తలుపు మెల్లగా మూసి వచ్చాడు. బుట్టలు దించేవాళ్ళు పసిపిల్లలను పడుకోబెట్టినట్టు దించారు. ఒక వ్యాపారి మామూలు మాటతో పై ధర పలికాడు. ఇంకొకడు నవ్వుతూ ఇంకొంచెం పెంచాడు. ఎవరికీ అరవాల్సిన పని లేకపోయింది.

లిల్లీలు తెచ్చిన ఆమె నోటి మీద చెంగు అడ్డం పెట్టుకుని వింటోంది. "ఇన్నేళ్ళలో నా పూల ధర నాకు వినపడటం ఇదే మొదలు" అంది పక్కామెతో.

"ష్" అంది పక్కామె.

దూరంగా అధ్యక్షుడొక్కడే, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "వినపడటం లేదయ్యా! ఏం వేలం ఇది?" అన్నాడు. షెడ్డు మొత్తం తిరిగి ఆయన వైపు చూసింది. పిచ్చుక బావ తన కాటా దగ్గర నుంచి లేచి, ఖాళీ బుట్ట ఒకటి బోర్లించి, పీట ముందు వేశాడు.

అధ్యక్షుడు కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత చెప్పులు చప్పుడు కాకుండా నడిచొచ్చి, ఆ బుట్ట మీద కూర్చుని, చుబుకం చేతిలో పెట్టుకున్నాడు.

"ఎంత దాకా వచ్చిందమ్మా?" అన్నాడు మెల్లగా.

గంటమ్మ చెప్పింది.